పసినాలుక మీద చేదు మందు



జ్వరంతో ఉన్న పిల్లాడికి మందు పట్టే ముందు చాలామంది తల్లులు ఒక పని చేస్తారు. చెంచాలోంచి ఒక చుక్క తమ నాలుక మీద వేసుకుని చప్పరించి, "ఏమీ చేదు లేదు నాన్నా, తాగెయ్" అంటారు. పిల్లాడు నోట్లో పడీ పడగానే ముఖం చిట్లించి ఉమ్మేస్తాడు. ఇంట్లోవాళ్లంతా తీర్పు చెప్పేస్తారు. వీడు మొండి, గారాబం ఎక్కువైంది, నాలుగు తగిలిస్తే గాని మింగడు. పిల్లల డాక్టరుగా నేను ఈ తీర్పుని ఒప్పుకోలేను. తల్లి అబద్ధం చెప్పలేదు, తన నాలుకకి తెలిసింది చెప్పింది. పిల్లాడూ నాటకం ఆడలేదు. ఆ చెంచాలో ఉన్నది ఒకటే మందు, కానీ ఆ ఇద్దరి నోళ్లలో దాని చేదు ఒకటే కాకపోవచ్చు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ తేడా గురించి.

మన నాలుక మీద చేదుని పసిగట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలున్నాయి. తీపిని గుర్తుపట్టడానికి ఇన్ని అక్కర్లేదు. చేదుకి ఇన్ని ఎందుకంటే, ప్రకృతిలో విషం రకరకాలుగా ఉంటుంది. చెట్లు తమ ఆకునీ గింజనీ జంతువులు తినకుండా కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థాల్లో చాలా భాగం చేదుగా ఉంటాయి, వాటిలో ప్రాణం తీసేవీ ఉన్నాయి. అందుకే చేదు తగలగానే ఉమ్మెయ్యమని శరీరం హెచ్చరిస్తుంది. ఇది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. 1970లలో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో జాకబ్ స్టైనర్ అనే శాస్త్రవేత్త, ఇంకా తొలిపాలు కూడా తాగని పురిటిబిడ్డల నాలుక మీద రుచుల చుక్కలు వేసి వాళ్ల ముఖాలు పరిశీలించాడు. తీపికి ముఖం విప్పారింది, పెదాలు చప్పరించారు. క్వినైన్ చేదుకి నోరు తెరిచి, నాలుక బయటికి తోసేశారు. పుట్టి గంటలైనా కాని బిడ్డకి మొండితనం ఎక్కడ నేర్పుతాం చెప్పండి?

ఈ సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. పాలు మాన్పించాలంటే వేపాకు నూరి రొమ్ముకి రాసుకునేవారు. బొటనవేలు చీకే పిల్లకి ఆ వేలికి వేపాకు పసరు పూసేవారు. ఎంత ఇష్టమైనదాన్నైనా చేదు ఒక్కటే వదిలించగలదని వాళ్లు కనిపెట్టారు. కానీ అదే పిల్లకి జ్వరం వచ్చి కషాయం పట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఆ చేదుని దాటి ఎందుకు మింగదని విసుక్కునేవారు. ఆ విసుగు ఇప్పటికీ పోలేదు.

మరి ఒకే చేదు అందరికీ ఒకేలా ఎందుకు ఉండదు? దీనికి మొదటి జవాబు అనుకోకుండా దొరికింది. 1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పి.టి.సి. అనే పొడిని సీసాలోకి ఒంపుతుంటే అది గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి, నోరంతా చేదైపోయిందన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. నోట్లో వేసుకుని చూసినా తెలియలేదు. తరువాత ఎంతోమందిని పరీక్షిస్తే కొందరికి ఆ పొడి కటికచేదు, కొందరికి మట్టిలా చప్పన అని తేలింది. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. మన దేశంలోనూ మానవశాస్త్ర పరిశోధకులు ఊరూరా తిరిగి జనం నాలుకల మీద ఈ రుచి పరీక్ష చేశారు. దీనికి ముఖ్య కారణమైన జన్యువు పేరు టాస్2ఆర్38. దాని ప్రతులు మనకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ చురుకైనవైతే చేదు గట్టిగా తెలుస్తుంది, రెండూ మందకొడివైతే ఆ రకం చేదు దాదాపు తెలియదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ సంస్థ అని ఉంది. అక్కడ ముఖ్యంగా రుచీ వాసనల మీద పరిశోధనలు జరుగుతాయి. 2005లో జూలీ మెనెల్లా, ఆమె సహచరులు అక్కడ పిల్లలకీ వాళ్ల తల్లులకీ ప్రొపైల్‌థయోయురాసిల్ రుచి చూపించారు. అది థైరాయిడ్ జబ్బుకి వాడే మందే. జన్యువు రెండు ప్రతులూ ఒకేలా ఉన్నవాళ్లలో తల్లికీ బిడ్డకీ పెద్ద తేడా కనబడలేదు. తేడా అంతా ఒకటి చురుకైనది, ఒకటి మందకొడిది ఉన్నవాళ్లలో బయటపడింది. అలాంటి పిల్లలు, అలాంటి జన్యువే ఉన్న పెద్దవాళ్ల కంటే ఎంతో పలచని చేదుని కూడా పట్టేశారు. తరువాత చేసిన పరిశీలనలో కౌమారంలో ఉన్నవాళ్లు వీళ్లిద్దరికీ మధ్యన నిలిచారు. అంటే జన్యువు మారకపోయినా, వయసుతో దాని పదును మారుతోంది.

ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది ఒక రకం చేదు విషయం. ప్రతి చేదుకీ ప్రతి పిల్లా పెద్దవాళ్లని మించి స్పందిస్తుందని దీని అర్థం కాదు. కానీ మందు పట్టే తల్లికి దీంట్లోంచి అవసరమైన సంగతి ఒకటుంది. మీరు రుచి చూసి చేదు లేదంటే, అది మీ నాలుకకి సంబంధించిన నిజం. మీ బిడ్డ నాలుకకి అది సాక్ష్యం కాదు. ఇద్దరు పిల్లలుంటే, పెద్దది గుటుక్కున మింగేసిన సిరప్‌ని చిన్నది కక్కేసినా అందులో వింతేమీ లేదు. "అక్కని చూసి నేర్చుకో" అనే ముందు ఈ మాట తలుచుకోండి.

పెద్దవాళ్లకి చేదు మీద పట్టు ఎలా వస్తుందో కూడా చూడాలి. కాఫీ, కాకరకాయ, మెంతికూర మనకి పుట్టుకతో నచ్చినవి కావు. తిన్న తరువాత ఏమీ కాలేదని, పైగా హాయిగా ఉందని శరీరం ఏళ్ల తరబడి నేర్చుకుంది. ఈ నేర్చుకోవడం ఎంత తొందరగా మొదలవుతుందో మోనెల్‌లోనే మరో పరిశోధన చూపించింది. ఆవుపాలు పడని పసిపిల్లలకి ప్రోటీన్లని ముందే విడగొట్టిన ప్రత్యేకమైన పాలపొడి ఇస్తారు. అది పెద్దవాళ్లు నోట పెట్టలేనంత చేదు, పులుపు. మొదటి మూడు నెలల్లోపు అలవాటు చేస్తే పిల్లలు దాన్ని ఇష్టంగా తాగుతారు. ఏడో నెలలో కొత్తగా ఇస్తే నోట్లోంచి తోసేస్తారు. మందు విషయంలో పిల్లలకి ఇలా నేర్చుకునే వ్యవధి ఎక్కడుంది? జ్వరం ఇవాళ వచ్చింది, మందు ఇవాళే పడాలి. పెద్దవాళ్లకి ఇంకో బలం కూడా ఉంది. ఈ చేదు ఎందుకు మింగుతున్నామో మనకి తెలుసు. రెండేళ్ల పిల్లకి రేపు జ్వరం తగ్గుతుందన్న మాటకి అర్థమే లేదు. ఇప్పుడు నోట్లో ఉన్నదే దానికి లోకం.

నన్ను బాధపెట్టే విషయానికి ఇప్పుడు వస్తున్నాను. నీళ్లలోనో లాలాజలంలోనో కరిగిన మందుకే రుచి ఉంటుంది. కరగని మందుకి రుచి లేదు. మనం బిళ్ళ నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లతో మింగేస్తే, పైన పూత ఉంటే మరీనూ, చేదు నాలుకకి అందేలోపు అది గొంతు దాటిపోతుంది. చిన్న పిల్లలు బిళ్ళ మింగలేరు. వాళ్లకి మందుని కరిగించి ద్రవంగా ఇస్తాం, లేదా బిళ్ళ నలిపి ఇస్తాం. నలిపామంటే పైపూత పోయింది, చేదంతా బయటపడింది. చేదుని తట్టుకోగలిగే పెద్దవాళ్లకి చేదు తగలకుండా, తట్టుకోలేని పిల్లలకి నాలుకంతా తడిసేలా మందు ఇస్తున్నామన్నమాట. చిన్నప్పుడు పుస్తకాల్లో నాలుక బొమ్మ వేసి చేదు వెనకవైపే తెలుస్తుందని చూపించేవారు. అది తప్పు. చేదు నాలుక అంతటా తెలుస్తుంది, అంగిట్లోనూ గొంతు మొదట్లోనూ తెలుస్తుంది. తప్పించుకోవడానికి నోట్లో పెద్ద చోటేమీ లేదు.

ఈ కష్టం వైద్యశాస్త్రానికి కొత్త కాదు. 1820లో ఫ్రాన్సులో పెల్తియే, కావంతూ అనే ఇద్దరు సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీశారు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న కనుక్కున్నాడు. అప్పటికి మలేరియాకి మందంటే ముఖ్యంగా క్వినైనే, చేదుకి మారుపేరు. పిల్లలు దాన్ని మింగలేకపోతుంటే రసాయన శాస్త్రవేత్తలు క్వినైన్‌ని కొద్దిగా మార్చి యూక్వినైన్ చేశారు. అది నీళ్లలో దాదాపు కరగదు కనుక నోట్లో రుచి తెలియదు.

ఆ తరువాత వచ్చిన క్లోరాంఫెనికాల్ కథ నాకు మరీ ఇష్టం. టైఫాయిడ్ పిల్లల ప్రాణాలు నిలబెట్టిన మందు అది, భరించలేని చేదు. 1950లలో దానికి పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని జోడించారు. దాంతో అది నోట్లో కరగడం మానేసింది. చేదు లేని తెల్లని ద్రవంగా పిల్లల గొంతు దిగి పేగుల్లోకి చేరాక, అక్కడి ఎంజైములు ఆ కొవ్వుని తెంపేసి అసలు మందుని విడుదల చేసేవి. నాలుకకి తెలియకుండా రక్తంలోకి మందు చేరేది. "చేదుగా ఉంటేనే మందు పనిచేస్తుంది" అనే పెద్దలకి నేను ఈ కథే చెబుతుంటాను. చేదుకీ మందు బలానికీ సంబంధం లేదు. అందుకే పిల్లలకి రాసిన సిరప్ తియ్యగా ఉందని తక్కువ చేసి చూడకండి.

చేదుని దాచలేకపోతే ఏమవుతుందో హెచ్.ఐ.వి.తో పుట్టిన పిల్లల విషయంలో ప్రపంచం చూసింది. మూడేళ్లలోపు పిల్లలకి చాలాకాలం లొపినావిర్, రిటొనావిర్ కలిసిన ద్రవం ఇవ్వాల్సి వచ్చేది. అందులో 40 శాతానికి పైగా ఆల్కహాలు, నోరు కాలే చేదు, పైగా చల్లగా భద్రపరచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో తల్లి ఆ సీసాని ఎలా కాపాడుకుంటుంది? రోజుకి రెండుసార్లు, జీవితాంతం, ఏడ్చే బిడ్డ నోట్లో ఎలా పోస్తుంది? ఒక్కో పూట మానేసినకొద్దీ వైరస్ ఆ మందుకి లొంగకుండా పోతుంది. చివరికి 2020లో పిల్లల కోసం డోలుటెగ్రావిర్ బిళ్ళ వచ్చింది. నీళ్లలో కరిగిపోతుంది, స్ట్రాబెరీ రుచి. అప్పటికి హైదరాబాద్‌లో పెద్ద స్థావరం ఉన్న మైలాన్, ముంబయికి చెందిన మాక్లియోడ్స్, ఈ రెండు కంపెనీలూ దాన్ని చౌకగా చేసి పేద దేశాలకి అందించాయి. ఒక బిడ్డకి ఏడాది మందుల ఖర్చు 480 డాలర్ల నుంచి 120 డాలర్ల లోపుకి దిగింది.

క్షయ విషయంలోనూ ఇదే జరిగింది. 2015 దాకా పెద్దవాళ్ల బిళ్ళల్ని విరిచి, నలిపి, అంచనాతో పిల్లలకి ఇచ్చేవారు. చేదు ఒక కష్టం, డోసు సరిపోయిందో లేదో తెలియకపోవడం రెండో కష్టం. ఆ ఏడాది డిసెంబరులో పిల్లల బరువుకి తగిన కొలతతో, నీళ్లలో వేస్తే కరిగి పండ్ల రుచి వచ్చే కలిపిన బిళ్ళలు వచ్చాయి. మన జాతీయ కార్యక్రమంలోనూ ఆ తరువాత వాటిని చేర్చారు. ఆరు నెలలు రోజూ మింగాల్సిన మందుకి రుచి విలాసం కాదు. అది వైద్యంలో భాగం.

తీపి గురించీ హెచ్చరించాలి, ఎందుకంటే నాలుక చెప్పే తీర్పు అటువైపు కూడా తప్పుతుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందుని తాగేందుకు వీలుగా కోరిందపండు రుచి కలిపి అమ్మారు. దాన్ని కరిగించడానికి వాడిన డైఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాల్ని చంపేస్తుంది. 100 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎందరో పిల్లలు. ఆ మరుసటి ఏడాది, మందు అమ్మే ముందు అది సురక్షితమని చూపాలన్న చట్టం అక్కడ వచ్చింది. ఇది పాత కథ అనుకోవడానికి లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో అదే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. దగ్గుకి సిరప్ మీ అంతట మీరు కొని పట్టకండి, డాక్టరు చూసి చెబితేనే ఇవ్వండి.

ఇంకో ప్రమాదం ఇంట్లోనే ఉంది. అమెరికాలో నారింజ రుచి గల పిల్లల ఆస్పిరిన్ వచ్చాక, మిఠాయి అనుకుని గుప్పెడు మింగిన పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. పిల్లలు తియ్యలేని మూతలు పెట్టాలన్న చట్టం 1970లో వచ్చిందంటే దాని వెనక ఆ బాధ ఉంది. అందుకే పిల్లలతో మందుని "చాక్లెట్" అనొద్దని నేను ప్రతి తల్లికీ చెబుతాను. మందుని మందనే అనండి, పని కాగానే అందని ఎత్తులో పెట్టండి. ఇదే తర్కాన్ని తిరగేసి కొన్ని దేశాల్లో ఇళ్లు తుడిచే ద్రవాల్లో డెనటోనియం కలుపుతారు. 1958లో స్కాట్లాండ్‌లో బయటపడిన ఆ పదార్థం ఇప్పటిదాకా తెలిసిన చేదుల్లోకెల్లా పెద్ద చేదు. ఒక్క చుక్క నోట పడితే పిల్ల రెండో గుక్క వెయ్యదన్నది ఆశ.

ఇక మందు పట్టే పద్ధతి. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదుని బెల్లం ఒక్కటే దాచడం లేదు, ఉప్పు కూడా దాస్తోంది. ఉప్పులోని సోడియం కొన్ని రకాల చేదుని అణిచేస్తుందని 1997లో మోనెల్ శాస్త్రవేత్తలు బ్రెస్లిన్, బోషాంప్ చూపించారు. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి పిండే మన వంటవాళ్ల చేతికి ఇది ముందే తెలుసు. అలాగని మందులో మీరు ఉప్పు కలపొద్దు, ఆ పని తయారుచేసేవాళ్లది. మీరు చేయగలిగింది ఇది. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టండి. ముక్కు మూసి, పడుకోబెట్టి పొయ్యకండి, పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సూది లేని సిరంజితో బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా వదలండి, బుగ్గ మీద రుచి మొగ్గలు తక్కువ. కొలత మందుతో వచ్చిన మూతతోనో సిరంజితోనో తియ్యండి, వంటింటి చెంచాతో వద్దు. మింగిన వెంటనే నీళ్లు, ఆ పైన చిన్న బెల్లం ముక్క. ఏడాది నిండని బిడ్డకి తేనె మాత్రం నాకించొద్దు, అందులో ఉండగల సూక్ష్మజీవి పసివాళ్లకి ప్రాణాంతకం.

గ్లాసెడు పాలల్లో మందు కలిపి ఇవ్వడం చాలామంది చేసే పని. బిడ్డ సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు. పైగా కొన్ని మందులు పాలల్లోని కాల్షియంతో కలిస్తే ఒంటికి పట్టవు. ఆ చేదు వల్ల బిడ్డకి పాలంటేనే భయం కూడా పట్టుకుంటుంది. కలపొచ్చని డాక్టరు చెబితే, ఒక్క చెంచాలో కలిపి అంతా పెట్టెయ్యండి. క్లారిథ్రోమైసిన్ లాంటి పొడి సిరప్‌ని పుల్లని పండ్లరసంతో ఇస్తే చేదు తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే పులుపుకి ఆ పొడి రేణువుల మీది పూత విడిపోయి లోపలి మందు కరుగుతుంది. వెంటనే వాంతి అయితే మీరే మళ్లీ పొయ్యకుండా డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.

ఇంట్లో పెద్దవాళ్లనీ మరవొద్దు. వయసు మళ్లాక చేదు తెలియడం తగ్గినా, పక్షవాతం వచ్చి మింగలేని తాతగారికి బిళ్ళలు నలిపి ఇస్తే ఆయన కష్టం పసిపిల్లాడి కష్టమే. కొన్ని బిళ్ళలు నెమ్మదిగా కరిగేలా చేసినవి. వాటిని నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగి ప్రమాదం తెస్తుంది. మందుల షాపులో అడగకుండా ఏ బిళ్ళా నలపకండి.

నా తోటి డాక్టర్లకి ఒక విన్నపం. మందు రాసేటప్పుడు దాని రుచి కూడా ఆలోచించండి. ఒకే పనిచేసే రెండు మందులుంటే బిడ్డ మింగగలిగేదాన్ని రాయండి. మందు తయారుచేసే కంపెనీలు మన హైదరాబాద్ చుట్టూ, విశాఖ పక్కన పరవాడలో ఇన్ని ఉన్నాయి. ప్రపంచానికి మందులు పంపే చోట, మన పిల్లలకి బిళ్ళని నాలుగు ముక్కలు చేసి నలిపి ఇవ్వాల్సిన అవసరం మిగలకూడదు. తల్లిదండ్రులారా, డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు మొహమాటపడకుండా అడగండి. ఈ మందు చేదుగా ఉంటుందా, కరిగే బిళ్ళ దొరుకుతుందా, దేంతో ఇవ్వాలి, కక్కేస్తే ఏం చెయ్యాలి అని. బిడ్డ మింగలేకపోతే కోర్సు మధ్యలో ఆపేయకుండా తిరిగి వచ్చి చెప్పండి. వేరే దారి చూపించడం మా బాధ్యత.